ఖాళీగా ఉన్నా ప్రాసెసర్ స్పీడ్ దిగట్లేదా? గిగాహెర్ట్జ్ పక్కన పెట్టి వాట్లు చూడండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మా దగ్గర సిస్టమ్‌లు తీసుకున్నవాళ్ళకి, సర్వీసుకి ఇచ్చేవాళ్ళకి నమస్కారం.

ఎండలు ముదిరాక ఒకే కంప్లయింట్ ఎక్కువగా వస్తోంది. "అన్నీ మూసేసినా ప్రాసెసర్ 4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటోంది, కిందికి దిగట్లేదు. ఫ్యాన్ మార్చాలా, పేస్ట్ వేయాలా?" అని. ఈ విషయంలో మా పద్ధతి మారుస్తున్నాం. ఇకమీదట ఇలా వచ్చిన ప్రతి సిస్టమ్‌కీ ముందు మీ ఎదురుగానే రీడింగ్ తీస్తాం. అది బాగుంటే ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్ట్ వేయం, ఫ్యాన్ అమ్మం, చూసినందుకు డబ్బులూ తీసుకోం. ఫ్యాన్ అమ్మితే మాకు మిగిలేది మిగులుతుంది, నిజమే. కానీ ఈ కంప్లయింట్‌లో చాలావాటికి ఫ్యాన్‌తో సంబంధమే ఉండదు. కొన్నింటికి అసలు రిపేరే అక్కర్లేదు.

కారణం చెప్తాం. ప్రాసెసర్ కరెంటు ఆదా చేసేది రెండు దారుల్లో. ఒకటి స్పీడు తగ్గించుకోవడం: ఇంటెల్‌లో స్పీడ్‌స్టెప్, 2015లో వచ్చిన 6వ తరం నుంచి స్పీడ్ షిఫ్ట్; ఏఎండీలో కూల్ అండ్ క్వయట్. రెండోది పని లేని కోర్‌ని (ప్రాసెసర్ లోపల పని చేసే ఒక్కో భాగాన్ని) నిద్రపుచ్చడం. వీటినే సీ-స్టేట్స్ అంటారు: సీ1, సీ3, సీ6 అలా. అంకె పెరిగేకొద్దీ నిద్ర లోతు. ఇప్పటి ప్రాసెసర్లలో అసలు ఆదా అంతా ఈ రెండోదాంట్లోనే ఉంది. రెగ్యులేటర్ 5 మీద పెట్టి స్విచ్ ఆపేసిన సీలింగ్ ఫ్యాన్‌కి కరెంటు కాలుతుందా? సీ6లో ఉన్న కోర్ కూడా అంతే, స్పీడు 4 గిగాహెర్ట్జ్ అని చూపించినా సరే. పైగా టాస్క్ మేనేజర్ చూపించే స్పీడు కోర్ మేలుకుని ఉన్న క్షణాలది. నిద్రపోయిన సమయం ఆ లెక్కలోకి రాదు. రీడింగ్ తీసే ప్రోగ్రామ్ కూడా నిద్రలో ఉన్న కోర్‌ని లేపి మరీ అడుగుతుంది. ఏఎండీ వాళ్ళ రైజెన్ ప్రాసెసర్లలో ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు 1.4 వోల్టులు చూసి కంగారుపడేవాళ్ళున్నారు. చిన్న పనికి ఒక్క కోర్ లేచినా ఆ వోల్టేజ్ కనిపిస్తుంది, అది మామూలే.

అందుకని చూడాల్సింది వాట్లు. ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు సిస్టమ్‌ని రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే చాలదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ లోపలి భాగం పాతదే తిరిగి లేస్తుంది. రీస్టార్ట్ అయ్యాక పది నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా వదిలేయండి, ఆ టైములో అప్‌డేట్లు, ఇండెక్సింగ్ నడుస్తుంటాయి. తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి 'సెన్సార్స్ ఓన్లీ' టిక్ పెట్టి స్టార్ట్ నొక్కండి. కోర్ క్లాక్స్ వరుసలో 4,200 అని ఉంటుంది. దాని కిందే కోర్ ఎఫెక్టివ్ క్లాక్స్ అని ఇంకో వరుస. అక్కడ 30, 45, 120 మెగాహెర్ట్జ్ లాంటి అంకెలు కనిపిస్తే కోర్లు హాయిగా నిద్రపోతున్నట్టే. ఇంకా కిందికి వస్తే సీపీయూ ప్యాకేజ్ పవర్. ఖాళీగా ఉన్నప్పుడు లాప్‌టాప్‌లో 1 నుంచి 5 వాట్లు, ఇంటెల్ డెస్క్‌టాప్‌లో 5 నుంచి 15, మామూలు రైజెన్ డెస్క్‌టాప్‌లో 20 నుంచి 30 వాట్లు ఉంటే నిశ్చింతగా ఉండండి. చాలా రైజెన్‌లలో మెమరీ, యూఎస్‌బీ వంటివాటిని చూసుకునే ముక్క వేరే చిప్‌గా ఉంటుంది, అది ఎప్పుడూ కొంత తాగుతూనే ఉంటుంది. పేరు చివర జీ అక్షరం ఉన్న రైజెన్‌లలో ఇంకా తక్కువే.

టెంపరేచర్‌ని గది వేడితో కలిపి చూడాలి. రోహిణి కార్తెలో ఏసీ లేని లాడ్జీ రిసెప్షన్‌లో గదే 38, 40 డిగ్రీలుంటే ప్రాసెసర్ 50 నుంచి 55 చూపించడంలో తప్పేమీ లేదు. ఖాళీగా ఉండి 70 దాటితే మాత్రం తీసుకురండి. వాట్లు తక్కువగా ఉండి వేడి మాత్రమే ఎక్కువుంటే అప్పుడు అది దుమ్ము, పేస్ట్, ఫ్యాన్ సంగతి. వాట్లే ఎక్కువగా ఉంటే ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా మూలం అలాగే ఉంటుంది.

వాట్లు నిజంగా ఎక్కువగా ఉంటే మొదట అనుమానించాల్సింది పవర్ ప్లాన్‌ని. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, అందులో మినిమమ్ ప్రాసెసర్ స్టేట్. బ్యాలెన్స్‌డ్‌లో ఇది 5 శాతం, హై పెర్ఫార్మెన్స్‌లో 100 శాతం. 100 ఉంటే స్పీడు దిగదు, దిగొద్దని మనమే చెప్పినట్టు. 5కి మార్చండి. కొత్త లాప్‌టాప్‌లు కొన్నింటిలో ఈ ఆప్షన్ కనిపించదు, వెతక్కండి. ఏఎండీ వాళ్ళ రైజెన్ బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లో 90 శాతం, ఆపైన ఉంటే అది కావాలని పెట్టిందే, దాన్ని కదపొద్దు. పాత సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొన్నవాళ్ళకి ఒక మాట: 2వ, 3వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్‌లు 1,600 మెగాహెర్ట్జ్ కంటే కిందికి దిగవు. 4వ తరం నుంచి 800 దాకా దిగుతాయి. 1,600 దగ్గర ఆగిపోయిందని బాధపడొద్దు.

వీడియోలు చూసి గేమింగ్ బూస్టర్లు వేసినవాళ్ళ సిస్టమ్‌లలో ఇంకో గొడవ ఉంటోంది. వాటిలో కొన్ని 'ప్రాసెసర్ ఐడిల్ డిసేబుల్' అనే దాచిపెట్టిన సెట్టింగ్‌ని ఆన్ చేస్తాయి. అంటే నిద్రే రద్దు. గుర్తుపట్టడం తేలిక: ఏ ప్రోగ్రామూ నడవకపోయినా టాస్క్ మేనేజర్‌లో వాడకం 100 శాతం చూపిస్తుంది, లిస్టులో మాత్రం అంత వాడేది ఏదీ ఉండదు. ఆ ప్లాన్ వదిలేసి బ్యాలెన్స్‌డ్‌కి వచ్చి, రిస్టోర్ డిఫాల్ట్ సెట్టింగ్స్ నొక్కితే సరిపోతుంది. ఇలాంటి ట్వీక్‌లు దయచేసి వేయొద్దు. ఆటలో పెరిగేది కంటికి కనిపించదు, వేడి మాత్రం రోజంతా ఉంటుంది.

ప్లాన్ బాగుంటే ఏ ప్రోగ్రామ్ నిద్ర చెడగొడుతోందో పట్టుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, ఎనర్జీ అని కొడితే 60 సెకన్లు గమనించి రిపోర్ట్ ఇస్తుంది, తప్పు చేస్తున్న ప్రోగ్రామ్ పేరు చాలాసార్లు అందులోనే దొరుకుతుంది. మూసేసినా వెనక నడిచే బ్రౌజర్, ఒకదానిమీద ఒకటి వేసిన రెండు యాంటీవైరస్‌లు మామూలు దొంగలు. టాస్క్ మేనేజర్‌లో సిస్టమ్ ఇంటరప్ట్స్ (పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపులు) అనేది 2, 3 శాతం మించి నిలకడగా కనిపిస్తే యూఎస్‌బీ పరికరాలు ఒక్కొక్కటీ పీకి చూడండి. డీటీపీ సెంటర్లలో పాత స్కానర్, ఆన్‌లైన్ సెంటర్లలో వేలిముద్రల మిషన్ దగ్గర మొదలుపెట్టండి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ చల్లబడి, మూయగానే మళ్ళీ హోరెత్తితే అది దొంగచాటుగా కాయిన్ మైనింగ్ చేసే మాల్‌వేర్ కావచ్చు. టాస్క్ మేనేజర్ కనిపిస్తే దాక్కునే రకాలున్నాయి. క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో పాటు లోపలికొస్తాయి. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. దొరికితే మేమిచ్చే సలహా ఫార్మాటే. ఆ సిస్టమ్‌లో బ్యాంకు పనులు, డిజిటల్ సిగ్నేచర్ పనులు చేసి ఉంటే వేరే సిస్టమ్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చుకోండి.

ఇక బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్‌లు. సీ-స్టేట్స్, స్పీడ్‌స్టెప్, స్పీడ్ షిఫ్ట్ మూడూ ఆటో గానీ ఎనేబుల్డ్ గానీ ఉండాలి. ఏఎండీలో గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్. అన్ని కోర్లకీ ఒకే మల్టిప్లయర్ (స్పీడుని నిర్ణయించే అంకె) చేత్తో పెట్టి ఉంటే తీసేయండి. డిఫాల్ట్‌కి తేవడానికి అసూస్‌లో ఎఫ్5, ఎంఎస్‌ఐలో ఎఫ్6, గిగాబైట్‌లో ఎఫ్7, ఏఎస్‌రాక్‌లో ఎఫ్9. కానీ నొక్కేముందు ఒక్కటి ఆలోచించండి: సీ-స్టేట్స్ ఎవరో కావాలని ఆపి ఉండొచ్చు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌లు (క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బాలు) కొన్ని, ప్రాసెసర్ లోతైన నిద్రలోకి వెళ్ళి లోడ్ బాగా తగ్గగానే ఆగిపోతాయి. ఇంటెల్ 4వ తరం వచ్చిన 2013 నుంచీ ఉన్న తంటా ఇది. ఖాళీగా ఉన్నప్పుడే సిస్టమ్ ఆఫ్ అవుతోందనో హ్యాంగ్ అవుతోందనో అప్పట్లో చెప్పి ఉంటే, సీ6 ఆపేసి పంపి ఉంటారు. అది మళ్ళీ ఆన్ చేస్తే పాత జబ్బు తిరగబెడుతుంది. దానికి సరైన మందు మంచి ఎస్‌ఎంపీఎస్. రైజెన్ బోర్డుల్లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ని టిపికల్ కరెంట్ ఐడిల్ అని పెట్టి చూడొచ్చు, కొన్ని వాట్లు పెరిగినా హ్యాంగ్ ఆగే అవకాశముంది. ఇకనుంచి మేము బయోస్‌లో ఏది మార్చినా, ఎందుకు మార్చామో కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటిస్తాం. తర్వాత ఎవరు విప్పినా తెలియాలి.

ఇదంతా కరెంటు బిల్లు కోసం చేయాలా అంటే, లెక్క చూడండి. అనవసరంగా 20 వాట్లు కాలుతుంటే, రోజుకి 10 గంటలు వాడే షాపులో నెలకి 6 యూనిట్లు. 24 గంటలూ ఆన్‌లో ఉండే లాడ్జీ కౌంటర్‌లో 14 యూనిట్లకి పైనే. బిల్లు కంటే ముఖ్యం, కరెంటు పోయినప్పుడు యూపీఎస్ నిలబడే టైమూ, లాప్‌టాప్ బ్యాటరీ, వేసవిలో బోర్డు మీద పడే వేడి.

సిస్టమ్ తెచ్చేముందు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసుకోండి. బయోస్ మార్చాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటే ఫోన్‌లో తెరిచి చూసుకుని రండి, అది లేకపోతే డేటా మేము కూడా తీయలేం. లాప్‌టాప్‌కి దాని అడాప్టర్ తెండి. బ్యాటరీ మీద ఒక రీడింగ్, చార్జర్ మీద ఒక రీడింగ్ తీయాలి, రెండింటికీ వేర్వేరు సెట్టింగ్‌లుంటాయి. డెస్క్‌టాప్ అయితే మానిటర్, కీబోర్డ్ అక్కర్లేదు. అనుమానమున్న స్కానర్ గానీ వేలిముద్రల మిషన్ గానీ ఉంటే అది మాత్రం కూడా పట్టుకురండి.