అమ్మమ్మ చారు గిన్నె మీద లేజర్ కొట్టాను రా

ఒరేయ్ శీనుగా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, జవాబు రాయకపోవడం నా తప్పే, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరూ బాగున్నారు, అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, చెల్లికి ఉద్యోగం వచ్చింది, నా థీసిస్ మూడో చాప్టర్‌లో ఉంది. సరే అవన్నీ తర్వాత.

అమ్మమ్మ ఇత్తడి చారు గిన్నె గుర్తుందా? కిందటి ఎండాకాలం వీధిలోకి వచ్చిన ఒకాయన చేత అమ్మ దానికి కళాయి, అదే లోపల తగరం పూత, వేయించింది. మొన్న ఊరెళ్తే అది చూడగానే ఎందుకో తేడా కొట్టింది, అమ్మమ్మ రోజుల్లో కళాయి తెల్లగా మెరిసేది కదా, ఇది కొంచెం నల్లబడింది. అంతే, అమ్మనడిగి హైదరాబాద్ తెచ్చేశాను, దాంతోపాటు అటక మీదున్న ఉగ్గు గిన్నె కూడా. దానికి అమ్మమ్మ దగ్గరుండి వేయించిన పాత కళాయే ఉంది.

మా ల్యాబ్‌లో ఉన్నది యాగ్ లేజర్, 1064 నానోమీటర్లు, కంటికి కనపడదు. కొన్ని నానోసెకండ్ల పల్స్‌ని లెన్స్‌తో ఒక చుక్క మీదికి తెస్తే టప్‌మని చప్పుడొచ్చి అక్కడి లోహం ఆవిరై ప్లాస్మా అయిపోతుంది, ఒక చిన్న తెల్లటి నిప్పురవ్వ అంతే. అది చల్లారేటప్పుడు ఏ మూలకం దాని రంగుల్లో అది వెలుగుతుంది, నువ్వు డాబా మీద చేసిన చిచ్చుబుడ్డి లాగే (మామయ్య లుంగీ సంగతి నేనెవరికీ చెప్పలేదు). మొదట్లో ఉత్త తెల్ల వెలుగే ఉంటుంది కాబట్టి కెమెరాని ఒక మైక్రోసెకండ్ ఆగి తెరవాలి. 2023 ఆగస్టులో మన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ చంద్రుడి మట్టిలో సల్ఫర్‌ని పట్టింది ఈ పద్ధతిలోనే, ఆ రాత్రి ఇద్దరం ఫోన్లో ఎంతసేపు మాట్లాడుకున్నామో!

ముందు ఉగ్గు గిన్నె పెట్టాను. ఒక్కో దెబ్బకి కొంచెం కొంచెం లోపలికి దిగుతుంది కదా, మొదట తగరం గీతలు (ఆ వెలుగుని విడదీస్తే ఒక్కో రంగూ ఒక్కో గీతగా పడుతుంది) 317.5, 326.2 నానోమీటర్ల దగ్గర, కాసేపటికి అవి తగ్గుతూ రాగి 324.7, 327.4 లేచింది, పక్కన జింకు. అంటే కళాయి దాటి ఇత్తడికి చేరామన్నమాట. చూస్తుంటే ఎంత ముచ్చటేసిందో.

తర్వాత చారు గిన్నె. మొదటి దెబ్బకే 405.8 దగ్గర ఒక గీత. అది సీసం రా.

నమ్మబుద్ధి కాలేదు. చోటు మార్చాను, మళ్ళీ అదే. మనం రేడియో కోసం కోఠీలో కొన్న 60-40 సోల్డర్ తీగ ఉంది చూడు, నా డబ్బాలో ఇంకా మిగిలుంది, అందులో 40 పాళ్ళు సీసమే కదా, దాన్ని కొట్టి చూస్తే 364, 368.3, 405.8 అన్నీ సరిగ్గా అవే చోట్ల. పైగా గిన్నెలో రాగి పైకొచ్చేకొద్దీ సీసం గీత తగ్గిపోయింది, అంటే ఇత్తడిలోది కాదు, కళాయిలోదే. ఉగ్గు గిన్నెలో ఆ గీత అసలు కనపడనే లేదు. తగరం ఖరీదు, సీసం చవక, కలిపితే తొందరగా కరుగుతుంది కూడా.

అమ్మమ్మ తగరం తనే కొని, కళాయి పూర్తయ్యేదాకా అరుగు మీంచి లేచేది కాదు. నవసాగరం పొగ, దూదితో ఇలా తుడవగానే గిన్నెంతా వెండిలా... ఆవిడ ఎందుకలా కూర్చునేదో నాకిప్పుడు అర్థమైంది రా, ఆ రాత్రి చాలాసేపు ఏడుపొచ్చింది.

ఆ గిన్నెలో పోయినేడాదంతా చింతపండు చారు మరిగింది, పులుపుకి సీసం దిగుతుంది. అక్క కూతురు బుజ్జి రోజూ ఆ చారన్నమే తింది. అమ్మకి ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "తగరమే అన్నాడు రా ఆయన" అంది. ఎంత శాతమో మాత్రం గీత ఎత్తు చూసి చెప్పలేను, కొలతలు తెలిసిన తగరం-సీసం నమూనాలు కొట్టి పోల్చుకోవాలి, వాటికోసం అడిగాను. బుజ్జికి రక్తంలో సీసం పరీక్ష చేయించమన్నాను, రేపొస్తుంది రిపోర్టు. మీ ఇంట్లో కూడా కళాయి గిన్నెలున్నాయి కదా, పెద్దమ్మ గారి పులుసు గిన్నె, దాన్ని ఎవరు... ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా, నేను చూస్తాను.

ల్యాబ్ తాళాలేస్తున్నారు, రిపోర్ట్ రాగానే మళ్ళీ రాస్తా.

నీ
రాముడు