స్ప్రే కొట్టి ఆడించడమేనా?

సంపాదక మహాశయా,

గత వారం మీ క్రీడల పేజీలో స్కూల్ ఫుట్‌బాల్ పోటీల ఫొటో చూశాను. మోకాలికి పట్టీ, చేతిలో షీల్డు, కింద 'గాయాన్ని లెక్కచేయని వీరుడు' అని రాత. నాలుగు రోజులు ఊరుకుందామనే చూశాను, నా వల్ల కాలేదు. లెక్కచేయాల్సింది ఆ పిల్లవాడా, పక్కన పళ్లికిలిస్తూ నిలబడ్డ పెద్దలా?

కిందటేడు ఇలాంటి పోటీలోనే మా అమ్మాయి ఆడింది. పిల్లలు వార్మప్ చేసుకున్నాక ముఖ్య అతిథి కోసం ముప్పావు గంట ఎండలో వరసగా నిలబెట్టారు. ఆయనొచ్చి క్రీడాస్ఫూర్తి మీద ఇంకో పావుగంట మాట్లాడారు. కండరాలన్నీ బిగుసుకుపోయాక విజిల్ ఊదారు. పదో నిమిషంలో గెంతి దిగబోతే దాని మోకాలు లోపలికి మడతపడింది. కోచ్ స్ప్రే కొట్టి, "ఏం కాలేదు, పరిగెత్తు" అన్నారు. స్ప్రే నొప్పిని మరిపిస్తుంది గానీ మోకాలి ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగితే దాన్ని అతకదు కదా! ఆపరేషన్ అయింది. ఇప్పటికీ గోడ పట్టుకునే మెట్లు దిగుతోంది.

అడిగితే "ఆటల్లో దెబ్బలు మామూలే" అంటారు. ఆ దెబ్బలు తగ్గించడానికే ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా '11+' పేరుతో వార్మప్ పద్ధతి తెచ్చింది 2006లో. ఇరవై నిమిషాల పని. పరుగు, ఒంటికాలి మీద నిలబడటం, గెంతి మోకాలు లోపలికి వాలకుండా దిగడం, ఇవే. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల చేత చేయించి చూస్తే గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2008లోనే తేలింది. మోకాలి లిగమెంట్ తెగడం మగపిల్లలకంటే ఆడపిల్లల్లోనే ఎక్కువ. ఈ సంగతి తెలిసిన కోచ్ నాకు ఒక్కరూ తగల్లేదు.

తల సంగతి ఇంకా ఘోరం. దెబ్బ తగిలి తూలుతున్న పిల్లవాడికి రెండు వేళ్లు చూపించి "ఎన్ని?" అని అడుగుతారు. రెండంటే చాలు, లోపలికి తోసేస్తారు. కంకషన్, అంటే తల అదిరి మెదడుకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే ఆ రోజుకి ఆట బంద్ చేయాలి, అంతే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2009లోనే చట్టం చేసింది, వైద్య నిపుణులు రాసిస్తే తప్ప పిల్లల్ని మళ్లీ ఆడించకూడదని.

అధికారులకు అర్జీ పెట్టుకుంటే గాయమైన తేదీ వేయలేదని తిప్పి పంపారు. తేదీ వేసి పంపాను, ఫైలు పై సెక్షన్‌కి వెళ్లిందన్నారు. బిగించని గోల్‌పోస్టులు, గుంతల గ్రౌండు వాళ్లకెప్పుడూ కనపడవు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిపిస్తే ఎండిపోయిన అయోడిన్ సీసా ఒకటుంది. అదీ నేను అడిగాక, తాళంచెవి వెతికి తెరిచిందే. పీఈటీ సార్లనీ ఏమంటాం, సగం రోజులు వాళ్లకు పరీక్ష హాళ్ల డ్యూటీలే!

వచ్చే నెల మళ్లీ పోటీలట, నోటీసు ఇంటికొచ్చింది. ముఖ్య అతిథి పేరు పెద్ద అక్షరాల్లో వేశారు. డాక్టరు పేరు కోసం కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి