శ్రమకాలం, పరీక్షల కాలం: ఏలీయా కథ గురించి తల్లిదండ్రులకు ఒక లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు వందనాలు.

భస్మ బుధవారంతో క్రైస్తవ సంఘాలలో శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు యేసు శ్రమలను తలచుకునే కాలం, మొదలైంది. పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఈ రెండూ ఏటా దాదాపు ఒకే సమయంలో వస్తాయి కాబట్టి, మన చిత్తూరులో చాలా క్రైస్తవ కుటుంబాలు సంక్రాంతి సెలవులు ముగియగానే ఒక నిర్ణయానికి వచ్చేస్తుంటాయి: పరీక్షలు అయ్యేదాకా సండే స్కూలు వద్దు, ఆరాధన వద్దు, ఆదివారం కూడా ట్యూషన్‌కే పంపుదాం అని. ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆరాటం నాకు తెలియనిది కాదు. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రికి, చదువు ఒక్కటే బిడ్డను గట్టెక్కిస్తుందని నమ్మిన తల్లికి ప్రతి గంటా విలువైనదే. అయినా, సంఘంలో నలుగురి మధ్య కూర్చుని బైబిలు కథ వినే ఆ కాసేపు పిల్లల మనసుకు ఇచ్చే బలాన్ని మరే ఏర్పాటూ ఇవ్వలేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను కాబట్టి, ఈ నెల లేఖను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

చర్చికి వెళితే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. అలా చెప్పడం దేవుణ్ణి బేరానికి పెట్టడమే అవుతుంది. నేను చెప్పదలచింది అలసి కూలబడిన మనసు మళ్లీ లేచి నిలబడడం గురించి. ఆ సంగతిని మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చెప్పినంత సూటిగా, అంత దయగా చెప్పిన చోటు నాకు మరొకటి కనబడలేదు.

ఏలీయా ప్రవక్త గురించి మనం పిల్లలకు ఎక్కువగా చెప్పేది కర్మెలు పర్వతం మీద జరిగిన ఘట్టం: ఒకవైపు బయలు అనే దేవుడి ప్రవక్తలు 450 మంది, మరోవైపు ఏలీయా ఒక్కడే, ఆయన ప్రార్థనకు దిగివచ్చిన అగ్ని, ఆ వెంటనే ఏళ్ల తరబడి ఎండిన నేల మీద కురిసిన వాన. పిల్లల బొమ్మల పుస్తకాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. బైబిలు ఆగదు. ఆ మరుసటి అధ్యాయంలోనే, ప్రాణం తీస్తానని యెజెబెలు రాణి కబురు పంపేసరికి, అంతటి విజయాన్ని కళ్లారా చూసిన మనిషి ప్రాణం అరచేత పట్టుకుని పారిపోతాడు. బెయేర్షెబా దాకా వెళ్లి, వెంట ఉన్న పనివాణ్ణి అక్కడే విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యంలో ఒక దినమంతా నడిచి, ఒక బదరీ చెట్టు కింద కూర్చుని, "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అని దేవుణ్ణి వేడుకుంటాడు. ఒక ప్రవక్త నోట వచ్చిన ఆ మాటను పరిశుద్ధ గ్రంథం దాచలేదు, సవరించలేదు, దానికి సంజాయిషీ కూడా ఇవ్వలేదు.

దాని తర్వాత జరిగినదాన్ని దయచేసి నిదానంగా చదవండి. దేవుడు ఆయనను మొదట నిద్రపోనిచ్చాడు. దేవదూత వచ్చి తట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు. చూస్తే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి ఉన్నాయి. ఆయన తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు; ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినది అని మాత్రమే కారణం చెప్పాడు. నిన్న కొండ మీద అంత జరిగినా నీకు విశ్వాసం లేకపోయిందా అని అడగలేదు, తోటి ప్రవక్తలతో పోల్చలేదు. ఆ భోజనపు బలంతో ఆయన నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు కొండకు చేరిన తర్వాతనే, "ఏలీయా, యిచ్చట నీవేమి చేయుచున్నావు?" అనే ప్రశ్న వచ్చింది. మనసులో ఉన్నదంతా ఆయన వెళ్లగక్కేదాకా దేవుడు విన్నాడు. పెనుగాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత మిక్కిలి నిమ్మళంగా మాట్లాడే ఒక స్వరం వినబడింది. అదే ప్రశ్న మళ్లీ అడిగింది, అదే జవాబు మళ్లీ విన్నది, అప్పుడు చేయవలసిన పని అప్పగించింది. నేనొక్కడినే మిగిలానని బాధపడుతున్న ఆ మనిషికి, బయలుకు మోకాళ్లూనని వాళ్లు 7000 మంది ఉన్నారనీ చెప్పింది.

సండే స్కూల్లో ఈ కథ చెప్పినప్పుడు ఏడో తరగతి అబ్బాయి ఒకడు చేయెత్తి, "దేవుడు ఆయన్ని తిట్టలేదా మిస్?" అని అడిగాడు. "లేదు నాయనా, అన్నం పెట్టాడు" అన్నాను. వాడికి నమ్మకం కుదరలేదు. బైబిలు తన వైపు తిప్పుకుని, ఎక్కడైనా తిట్లు ఉన్నాయేమోనని ఒక్కో వచనం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ అధ్యాయం చివరిదాకా చదివాడు. తప్పిన వెంటనే తిట్లు పడడం అలవాటైన పిల్లలకు ఈ కథ ఎంత కొత్తగా వినబడుతుందో ఆ వేలి కదలికలో నాకు అర్థమైంది. పరీక్ష బాగా రాయలేదని ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చిన బిడ్డను గడపలోనే నిలబెట్టి ప్రశ్నపత్రం అడిగే ముందు, ఏలీయా విషయంలో దేవుడు పాటించిన వరుసను గుర్తు చేసుకోమని మిమ్మల్ని వేడుకుంటున్నాను: ముందు అన్నం, నిద్ర, ఆ తర్వాతే మాటలు. ఇక చాలు, నా వల్ల కాదు అని ఏ బిడ్డ నోట వచ్చినా, అది ఎంత మామూలుగా అన్నట్టు వినిపించినా, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. వెంటనే ఆ బిడ్డ పక్కన కూర్చోండి, తరగతి ఉపాధ్యాయులకు గాని నాకు గాని చెప్పండి, అవసరమైతే వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. ప్రార్థన చేసే ఇల్లు వైద్యం చేయించడానికి వెనకాడవలసిన పనిలేదు.

ఈ కథను ఇంట్లో చదువుకుంటే సరిపోదా, సంఘానికే ఎందుకు వెళ్లాలి అని కొందరు అడుగుతుంటారు. ఇంట్లో తప్పక చదవండి. కాని, సంఘంలో ఆ కథ విన్నప్పుడు దాన్ని అనుభవించినవాళ్లు పక్క బల్లల మీదే కూర్చుని ఉంటారు. మన సంఘాలలో కోత పండుగ రోజున ఏం జరుగుతుందో ఒకసారి తలచుకోండి. పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో వాన తప్పి వేరుశనగ ఎండిపోయిన ఏడాది కూడా, ఎవరో ఒక అవ్వ కొంగులో కట్టుకొచ్చిన కాయలను బలిపీఠం ముందు పెట్టి నమస్కరిస్తుంది. ఆ రోజు చాలాచోట్ల రూతు గ్రంథం చదువుతారు. కరవు వల్ల బేత్లెహేము విడిచి మోయాబుకు వలస వెళ్లిన కుటుంబం అది; అక్కడ భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న నయోమి, కోడలు రూతు ఒక్కతే వెంటరాగా తిరిగొస్తుంది. నిండుగా వెళ్లాను, వట్టి చేతులతో వచ్చాను అని ఊరి ఆడవాళ్ల ముందు నయోమి అన్న మాట, బతుకుతెరువు కోసం బెంగళూరు వెళ్లి అక్కడ అయినవాళ్లను పోగొట్టుకుని తిరిగొచ్చిన మన వాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు. అయితే ఆ మొదటి అధ్యాయం చివరి మాట, వాళ్లు యవల కోత ఆరంభంలో ఊరు చేరారు అన్నది. ఏడుస్తూ వస్తున్న నయోమికి ఆ పొలాలు కనబడ్డాయో లేదో గ్రంథం చెప్పదు. పంట మాత్రం కోతకు సిద్ధంగా ఉంది. పొలం అంచుల్లోని పంటనూ, రాలిన వెన్నులనూ పేదలకూ పరదేశులకూ వదిలేయాలని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞ వల్లనే రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకోగలిగింది. బోయజు పెట్టిన పేలాలు తిని, కొన్ని మిగిల్చి, అత్త కోసం ఇంటికి తెచ్చింది. ఆ రూతు మునిమనవడే దావీదు. మనం ఆశ అని పిలిచేది ఈ కథలో ఒక చట్టంగా, ఒక పొలం యజమాని దయగా, కొంగున దాచి తెచ్చిన గుప్పెడు పేలాలుగా వస్తుంది. మన పిల్లలు దాన్ని ఆ అవ్వ కూర్చున్న గదిలోనే వినాలని నా కోరిక.

కథను మొత్తంగా వినే అలవాటు ఈ నేలకు కొత్త కాదు. వేసవిలో మన జిల్లా పల్లెల్లో జరిగే ధర్మరాజుల తిరునాళ్లలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం వింటూ జనం రోజుల తరబడి భారతం మొదలు నుంచి దుర్యోధన వధ వరకు కూర్చుంటారు. ద్రౌపదీ వస్త్రాపహరణం దగ్గరే లేచి వెళ్లిపోయినవాడికి భారతం తెలిసిందని ఎవరూ అనరు. క్రీస్తు కథను కూడా సంఘం అలాగే ఏడాది పొడవునా చెబుతుంది: ఆగమనకాలపు ఎదురుచూపు, క్రిస్మస్, ఆదివారాలు మినహాయించి నలభై దినాల శ్రమకాలం, మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, పునరుత్థానం, పెంతెకొస్తు. తెలుగులో సువార్తలు మొదట అచ్చయింది 1812లో, బెంగాల్‌లోని సెరంపూరులో. కాని చదువు రాని మన పూర్వికులకు అవి నోటి మాటగా, కీర్తనగా, బుర్రకథగా అందాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సంఘానికి దూరమైన బిడ్డ ఆ కథలో శ్రమల భాగాన్ని వినకుండానే ఈస్టరు నాటి కొత్తబట్టలకు చేరుకుంటాడు. శ్రమ లేని ఈస్టరు పిల్లలకు పండుగ భోజనంగా మిగులుతుందే తప్ప, కష్టకాలంలో పట్టుకుని నిలబడే ఆధారం కాదు.

మన పాఠశాలలో హిందూ, ముస్లిం కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్నారు. మీరు మీ బిడ్డలను మాకు అప్పగించిన నమ్మకాన్ని మేము గౌరవంతో కాపాడుకుంటాం. రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు పొందిన లేదా ప్రభుత్వ ధనసహాయం పొందే విద్యాసంస్థలో మైనరు విద్యార్థి మతబోధనకు గాని ఆరాధనకు గాని హాజరు కావాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలి. మీరు సమ్మతి ఇవ్వని పక్షంలో ఆ సమయంలో మీ బిడ్డ గ్రంథాలయంలో చదువుకోవచ్చు. అందువల్ల ఏ ఉపాధ్యాయుడూ ఆ బిడ్డను తక్కువగా చూడడు. తిండి, నిద్ర, ఓపికగా వినడం గురించి పైన రాసినదంతా మాత్రం అందరి ఇళ్లకూ వర్తిస్తుంది.

క్రైస్తవ కుటుంబాలకు ఒక చిన్న సూచన. పునరుత్థాన దినానికి లూకా సువార్త 24వ అధ్యాయాన్ని ఇంట్లో పెద్దగా చదవండి. యెరూషలేముకు ఆమడ దూరంలో ఉన్న ఎమ్మాయుకు ఇద్దరు శిష్యులు దిగులుగా నడిచి వెళుతుంటే, యేసు వాళ్లతో కలిసి నడుస్తూ, ఏం మాట్లాడుకుంటున్నారని అడిగి, తానెవరో చెప్పకుండా వాళ్ల దుఃఖమంతా విన్నాడు. ఆ తర్వాతే లేఖనాలను విప్పి చెప్పాడు. రొట్టె విరిచినప్పుడు ఆయనను గుర్తుపట్టిన ఆ ఇద్దరూ పొద్దు వాలిపోయిందని చూడక, ఆ గడియలోనే లేచి వచ్చిన దారినే యెరూషలేముకు తిరిగి వెళ్లారు. చదివాక పిల్లలను పరీక్షించే ప్రశ్నలు అడగకండి. వాళ్లేం అడుగుతారో వినండి.

ఇక మా ఏర్పాట్లు. శ్రమకాలంలో ప్రతి బుధవారం ఉదయపు అసెంబ్లీలో ఏలీయా కథను భాగాలుగా పెద్ద పిల్లలే చదివి వినిపిస్తారు. సండే స్కూలు వేళకు పదో తరగతి ప్రత్యేక తరగతులు పెట్టబోమని ఉపాధ్యాయులందరం కలిసి నిర్ణయించాం; ట్యూషన్ చెప్పేవారితో మీరు కూడా అదే మాట మాట్లాడండి. పబ్లిక్ పరీక్షలకు ముందు వచ్చే శుక్రవారం సాయంత్రం పదో తరగతి పిల్లల కోసం ప్రార్థన కూడిక ఉంటుంది. రావాలనుకున్నవారు ఏ మతంవారైనా రావచ్చు. ఆ సాయంత్రం పిల్లలందరికీ పాఠశాలలోనే భోజనం పెట్టి పంపుతాం కాబట్టి, ఇంటికి వచ్చాక పుస్తకం తీయమనకుండా వాళ్లను త్వరగా పడుకోనివ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
చిత్తూరు