మహిమ అంటే ‘డోక్సా’

అందరికీ వందనాలు. ‘మహిమ’ అంటే అసలు అర్థం ఏమిటని ఆదివారం బైబిల్ స్టడీలో అక్క అడిగిన ప్రశ్నకి జవాబు.

కొత్త నిబంధనలో మనం ‘మహిమ’ అని చదివే చోట గ్రీకులో సాధారణంగా ఉండే మాట ‘డోక్సా’. పాత గ్రీకులో దానికి అభిప్రాయం, పేరు అనే అర్థాలు. హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి మార్చినవాళ్లు మహిమకి హెబ్రీలో ఉన్న ‘కాబోద్’ అనే మాటకి దీన్నే వాడారు. ‘కాబోద్’ ధాతువుకి బరువు అని అర్థం. సీనాయి కొండ మీద నిలిచింది, ప్రత్యక్ష గుడారాన్ని నింపింది ఆ మహిమే. లూకా 2:9లో గొర్రెల కాపరుల చుట్టూ ప్రకాశించింది కూడా డోక్సాయే.

ఇప్పుడు యోహాను 12:43 తీయండి. దేవుని మెప్పు కంటే మనుషుల మెప్పునే ఎక్కువగా కోరుకున్నారని ఉంటుంది అక్కడ. మన బైబిల్లో ‘మెప్పు’ అని ఉన్నా, గ్రీకులో మాత్రం అదే మాట, డోక్సా! సమాజమందిరం (యూదుల ప్రార్థనా స్థలం) నుంచి వెలివేస్తారేమోనని విశ్వాసాన్ని బయటికి చెప్పుకోని అధికారుల సంగతి అది. నాకైతే ఈ వచనమే గట్టిగా తగిలింది. బుధవారం కూడికకి 42 నుంచి చదువుకుని రండి.