పాత కారన్నాక చుక్క పడాల్సిందేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ చెన్నై సంచికలో పాత కార్ల ప్రదర్శన మీద వచ్చిన వ్యాసం చదివాను. రంగులు, క్రోమియం మెరుపులు, తోలు సీట్లు అన్నిటి గురించీ వివరంగా రాశారు. పాత కారన్నాక కింద ఆయిలు చుక్కలు పడడం మామూలేనని ఒక యజమాని అన్న మాటను పెద్ద అక్షరాలతో వేశారు. ఆ మాట తప్పు, పైగా హాని చేస్తుంది. అది నమ్మినవాళ్లు గేర్‌బాక్సును అడ్డదిడ్డంగా బిగించిన మెకానిక్‌ను నిలదీయరు. శ్రద్ధగా బిగించేవాడికి కావలసిన సమయమూ ఇవ్వరు.

నేను అంబత్తూరు పారిశ్రామికవాడలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అయనావరంలో ఇంటి పక్క షెడ్డులో పాత కార్ల గేర్‌బాక్సులు, వెనక చక్రాలను తిప్పే యాక్సిళ్లు విప్పి బిగిస్తుంటాను. ఎక్కువగా వచ్చేవి స్టాండర్డ్ హెరాల్డు కార్లు. అవి మన ఊరి బండ్లు, 1961 నుంచి డెబ్బైల ఆరంభం దాకా మద్రాసులోనే తయారయ్యాయి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధన 2021లో వచ్చాక, మూలపడ్డ హెరాల్డులు కొన్ని మళ్లీ వెలుగు చూస్తున్నాయి. ఆ రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు కడతారు, రంగుకు అంతకు ఎన్నో రెట్లు పోస్తారు. తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, 'ముందు వేసింది డూప్లికేటు అయి ఉంటుంది, ఇంకొకటి కొట్టెయ్యండి' అంటారు.

నకిలీ సీళ్లు లేవని అనను. కానీ నా దగ్గరికి వచ్చిన బండ్లలో చాలావాటికి తప్పు సీలుది కాదు, షాఫ్టుది. ఏళ్ల తరబడి సీలు అంచు ఒకేచోట రాసుకుని ఉక్కు మీద సన్నటి గాడి పడుతుంది. గోరు అడ్డంగా లాగితే తగులుతుంది. ఆ గాడి మీద ఎంత మంచి సీలు వేసినా ఆయిలు ఆగదు. గాడి మీద పావు మిల్లీమీటరు మందం ఉక్కు తొడుగు ఎక్కించాలి, లేదా హౌసింగులో చోటుంటే సీలును ఒక మిల్లీమీటరు ఇవతలగా కూర్చోబెట్టి దాని అంచు నునుపైన చోట ఆనేలా చూడాలి. కొందరు ఎమరీ పేపరుతో ఏటవాలుగా రుద్దేసి వదిలేస్తారు. ఆ గీతలే షాఫ్టు తిరిగేటప్పుడు ఆయిలును బయటికి తోడేస్తాయి.

రెండో కారణం ఇంకా బాధ కలిగిస్తుంది. యాక్సిలు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అది పోవడానికి పైన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. హెరాల్డు డిఫరెన్షియల్‌లో, అంటే వెనక యాక్సిలు నడుమ ఉండే గేర్ల పెట్టెలో, ఆ రంధ్రం పూడకుండా స్ప్లిట్ పిన్ను అనే రెండు కాళ్ల సన్నటి పిన్ను వదులుగా వేలాడుతూ ఉంటుంది, బండి కదిలినప్పుడల్లా అదీ కదిలి దారి శుభ్రం చేస్తుంది. బండిని అందంగా చేయాలని ఆ పిన్ను పీకేసి, రంధ్రం మీదుగా నల్ల రంగు దట్టంగా కొట్టేస్తారు. గాలికి దారి లేక సీలును తోసుకుని ఆయిలుతో సహా వస్తుంది. సీలు మీద సీలు మార్చి యజమాని విసిగిపోయిన ఒక బండికి సూదితో రంగు పొడిచి తీయడంతో కారడం ఆగిపోయింది.

బేరింగుల సంగతి సీళ్ల నుంచి విడదీయలేం. ఇంజను తిప్పే బలాన్ని డిఫరెన్షియల్‌లోకి తెచ్చే చిన్న గేరు పినియన్; దాని సీలు మార్చాలంటే షాఫ్టు చివరి నట్టు విప్పాలి. లోపలి టేపర్ బేరింగుల బిగుతును నిలబెట్టేది ఆ నట్టే. విప్పే ముందు నట్టుకూ షాఫ్టుకూ గుర్తు పెట్టుకుని మళ్లీ అక్కడికే తేవాలి. కొత్త బేరింగులు వేస్తే ఆ గుర్తు చెల్లదు. పినియన్ షాఫ్టు చివర ఉండే ఫ్లాంజి అనే గుండ్రటి బిళ్లకు తాడు చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగి, ఎంత బలానికి తిరుగుతోందో మాన్యువల్‌తో సరిచూసుకుంటూ సర్దాలి. ఒక్కోసారి పొద్దంతా ఇదే సరిపోతుంది. బిగుతు ఎక్కువైతే బేరింగు మాడుతుంది. తక్కువైతే పినియన్ ఊగి సీలు అంచు ఒకవైపే అరుగుతుంది, అప్పుడు మళ్లీ సీలునే తిడతారు.

పాత బండ్ల సామాను అమ్మే పుదుప్పేటలో దొరకనిది లేదంటారు, నాకూ ఆ అంగళ్లంటే ప్రాణం. అయితే ఈ బండ్ల కొలతలు చాలావరకు అంగుళాల్లో ఉంటాయి. 6205 అని ఉన్న బేరింగు చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. అంగుళం షాఫ్టు 25.4. 'కొంచెమే తేడా, షాఫ్టు అరగదీస్తే సరి' అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. అంగుళాల బేరింగులు ఇప్పటికీ తయారవుతున్నాయి, తెప్పించుకునేదాకా ఆగండి. ఎక్కించేటప్పుడు బేరింగును ఆయిలులో సుమారు 100 డిగ్రీల దాకా వేడి చేస్తే లోపలి రింగు వ్యాకోచించి దానంతటదే జారుతుంది. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపలి గుండ్ల మీదుగా వెళ్లి, అవి దొర్లే గాడిలో గుంటలు పెడుతుంది. రోడ్డెక్కాక వినిపించే గుయ్యిమనే శబ్దం ఆ గుంటలదే. 2015 వరదల్లో మునిగిన బండ్లలోనూ ఇదే శబ్దం విన్నాను, అక్కడ గుంటలు తుప్పు వల్ల.

మినహాయింపు ఒకటి ఉంది. హెరాల్డు ఇంజను వెనక చివర రబ్బరు సీలు ఉండదు. మరచుట్టులా తొలిచిన గాడి ఆయిలును లోపలికి నడిపిస్తుంది. అంబాసిడరులోని 1489 సీసీ ఇంజనుదీ ఇదే పద్ధతి. అరిగి అక్కడ ఖాళీ పెరిగితే కాస్త చెమ్మ కనబడవచ్చు. గేర్‌బాక్సుకు, వెనక యాక్సిలుకు ఆ సాకు లేదు.

పొంగలుకు బండి రోడ్డెక్కాలని, ఊరేగింపు రోజు దగ్గర పడిందని మెకానిక్‌ను తొందరపెట్టే యజమానులకు ఒక విన్నపం. షాఫ్టు బయటికి తీసిన రోజు షెడ్డుకు వచ్చి, సీలు ఆనే చోట మీ గోరుతో మీరే తడిమి చూడండి. బిగించాక 20, 30 కిలోమీటర్లు నడిపి ఆపి, రెండు వెనక చక్రాల నడిమి హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి గోరువెచ్చగా, ఇంకొకటి తాకలేనంత వేడిగా ఉండి, అది బ్రేకు పట్టేసి ఉండడం వల్ల కాదని తేలితే, బండిని ఇంటిదాకా నడపకండి. హెరాల్డు వెనక హబ్బులో నీడిల్ బేరింగు సూదులు నేరుగా యాక్సిల్ షాఫ్టు మీదే తిరుగుతాయి. బేరింగు పోతే షాఫ్టూ పోతుంది, ఆ షాఫ్టు ఈ రోజుల్లో అంత సులువుగా దొరకదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టరు,
అయనావరం, చెన్నై