ఇంటి సామాను తూకానికి అమ్మేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినా ఇంట్లో మాట్లాడేది తెలుగే, పొద్దున్నే చదివేది మీ పేపరే. ఈమధ్య మీ ఆదివారం పేజీల్లో కొత్త ఇంటి అలంకరణ మీద ఒక వ్యాసం వచ్చింది. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, టీవీ వెనకాల ప్యానెల్, గోడకి తగిలించే రెడీమేడ్ బొమ్మలు, అన్నీ కలిపి లక్షల్లో ప్యాకేజీ. అది చదివిన మామూలు సంసారులు ఏమనుకుంటారండీ? అంత డబ్బు పెట్టలేకపోతే మన ఇల్లు ఇల్లే కాదేమో అనుకుంటారు. మా చెల్లెలు సరిగ్గా అలాగే అనుకుని గృహప్రవేశానికి అప్పు చేసి మరీ అవన్నీ చేయించింది. రెండు వానాకాలాలు గడిచేసరికి వంటింటి కింది అరల చెక్కలు నీరు పీల్చి ఉబ్బిపోయాయి, వాయిదాలు మాత్రం ఇంకా కడుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

పిల్లాపాపలతో ఒక కుటుంబం హాయిగా బతకడానికి కావలసిన సామాను చాలావరకు మా సరిహద్దు ఊళ్లలోనే ఉంది. పాత ఇళ్లల్లో ఉంది, పాత సామాన్ల కొట్లల్లో ఉంది, చేతిపని చేసేవాళ్ల దగ్గర ఉంది. మనమే దాన్ని తూకానికి అమ్మేసి ఆ డబ్బుకి ఇంకా బోలెడు కలిపి, చెక్క పొట్టు జిగురుతో నొక్కి చేసిన పార్టికల్ బోర్డు కొనుక్కుంటున్నాం.

మా ఊళ్లో పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటీ పడగొట్టి మేడలు కడుతున్నారు. కట్టుకోవద్దని నేను అనను, కారే కప్పు కింద ఉండేవాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ పడగొట్టిన రోజున ఆ ద్వారబంధాలు, దూలాలు, వాసాలు, కిటికీ రెక్కలు ఎక్కడికి పోతున్నాయో ఎవరూ చూడరు. ట్రాక్టరు ఎక్కి సగం పొయ్యిలోకి, సగం తుక్కు కొట్టుకి పోతున్నాయి. ఎన్నో ఏళ్లు ఎండకి వానకి తట్టుకుని నిలబడ్డ టేకు చేవ, గుగ్గిలం (సాల్) కర్ర అవి. ఇప్పుడు అంత ఆరిన కర్ర కొత్తగా కొనాలన్నా దొరకదు. మా హాల్లో పుస్తకాల అర మొత్తం ఒక పాత ఇంటి కిటికీ రెక్కలతో, వాసాలతో చేయించిందే. వడ్రంగి ఒడియా ఆయన, తెలుగు మా కంటే బాగా మాట్లాడతాడు. కర్ర ఎలా చూసుకోవాలో ఆయనే నేర్పాడు. సన్న చిల్లుల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉన్నట్టు, అది ఇంట్లోకి తేకూడదు. చిల్లులున్నా పొడి రాలకుండా, వేలితో కొడితే గట్టిగా మోగితే వాడుకోవచ్చు. మేకులన్నీ పీకించాకే రంపం కిందికి పంపాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి, మేస్త్రీతో మాట పడాలి.

పాత సామాను కొనేటప్పుడు రంగు సంగతి చూసుకోండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలుంటే. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదనే నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఎక్కువగా ఉండి ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. తడిపి గీకించండి, ఇంటి బయట గీకించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఉయ్యాల అంచుల్ని పిల్లలు కొరుకుతారు కాబట్టి పాత రంగున్న ఉయ్యాలని అలాగే వాడనే వాడొద్దు.

ఇక అసలు అడ్డంకి డబ్బు కాదండీ, పట్టింపు. నులక మంచం ఒకటి కొంటానంటే మా అత్తయ్య గారు, "ఎవరు పోయిన మంచమో ఏమో, ఇంట్లోకి తేకమ్మా" అన్నారు. చాలా ఇళ్లల్లో ఇదే మాట. నేను ఆవిడతో వాదించలేదు, ఒక్క సంగతి గుర్తుచేశాను. పుట్టిన బిడ్డకి మొదట తొడిగేది పాత బట్టే కదా, పెద్దవాళ్లు కట్టి మెత్తబడ్డ బట్ట. ఉయ్యాల అయితే నలుగురు పిల్లలు చక్కగా పెరిగిన ఇంటి నుంచి అడిగి మరీ తెచ్చుకుంటాం. కాసేపు ఆలోచించి, "అయితే వేడినీళ్లు పోసి, పసుపు రాసి, ఎండబెట్టి తీసుకురండి" అన్నారు. అందులో పాత మంచంతో వచ్చే పెద్ద భయానికి మందు కూడా ఉంది. మంచం కోళ్లకీ పట్టెలకీ మధ్య సందుల్లో నల్లులు చేరతాయి. పాత నులకంతా కోసి తీసేసి, ఆ సందుల్లో సలసల కాగే నీళ్లు పోసి, ఎర్రటి ఎండలో పెట్టాలి. మా అత్తయ్య ఇప్పుడు మధ్యాహ్నం నడుం వాల్చేది ఆ మంచం మీదే.

నులక అల్లడం మా ఇంట్లో ఎవరికీ రాదు, పక్క వీధి తాతగారిని బతిమాలి నేర్చుకున్నాం. ఇద్దరు ఉండాలి, ఒకరు ఉండ పట్టుకుని అందిస్తుంటే ఇంకొకరు లాగి బిగించాలి. కాళ్ల వైపు కొంచెం ఖాళీ వదిలి వేరే తాడుతో కట్టాలి, నాలుగు రోజులకి మంచం కుంగితే ఆ తాడు లాగి బిగించుకోవచ్చు. మా పెద్దవాడికి చేతులు కమిలాయి, అయినా వదల్లేదు, ఇప్పుడు ఆ తాడు బిగించే పని వాడిదే.

బొంత సంగతి చెప్పకపోతే ఆడవాళ్లు ఊరుకోరు. మెత్తబడ్డ నూలు చీరలు పొరలుగా పరిచి, గట్టిగా ఉన్న చీర పైకి, చిరుగులున్నవి లోపలికి వేసి, అంచులు నాలుగు వైపులా బయటికి కనబడేలా మడిచి, ముందు పెద్ద కుట్లతో నిలబెట్టుకుని తర్వాత వరసగా దగ్గర కుట్లు వేసుకుంటూ రావాలి. నైలాన్, పాలిస్టర్ చీరలు కలిపితే జారిపోతాయి, ఒంటికి ఉక్క పోస్తుంది. మా పిల్లల బొంతలో మా అమ్మ చీర ఉంది, అత్తయ్య చీర ఉంది, నా పెళ్లినాటి నేత చీర కూడా ఉంది. షాపులో దొరికే దుప్పటి కప్పితే మా చిన్నది నిద్రపోదు.

మీ పేపరు కూడా మా ఇంట్లో ఊరికే పోదు. పాత పేపర్లు చింపి నానబెట్టి, మెంతులు కూడా నానేసి రెండూ కలిపి మెత్తగా రుబ్బి, సందులు పడ్డ చేటలకి, వెదురు బుట్టలకి లోపలా బయటా పూసి నీడన ఆరబెడతాం. మెంతి జిగురు పట్టేస్తుంది, ఆ చేదుకి పురుగు దగ్గరికి రాదు. మీద ఎర్రమట్టో రంగో వేసుకుని పిల్లలు ముగ్గులు పెట్టుకుంటారు. మా ఇంట్లో పిల్లల బొమ్మలు, ఉల్లిపాయలు, అత్తయ్య మందులు అన్నీ ఆ బుట్టల్లోనే.

భోజనాల బల్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ఆ దెబ్బకి మా జిల్లా కొండల్లో వరదలొచ్చి, కొండచరియలు విరిగి పడి ఎందరో పోయారు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. అక్కడ మా మేనమామ గారి పెరట్లో పెద్ద పనస చెట్టు పడిపోయింది. పొయ్యిలోకి కొట్టించేస్తానంటే మావారు వెళ్లి పలకలు కోయించారు. పచ్చి చెక్కతో వెంటనే బల్ల చేస్తే వంకర్లు పోతుంది, అందుకని పలక పలకకీ మధ్య సన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, నీడన ఏడాది పైగా ఆరనిచ్చాం. పనస కోసినప్పుడు పసుపు పచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ ఎర్రబడి గోధుమ రంగులోకి వస్తుంది. బొబ్బిలి వీణలు చేసేది ఈ పనసతోనే. మామయ్య మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా ఆ బల్లని చేత్తో నిమురుతాడు, ఏమీ మాట్లాడడు. తుఫానుకి పడిన చెట్టుకి ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

ఇత్తడి గురించి ఒక జాగ్రత్త. సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం వెళ్తే బుడితి ఇత్తడి, కంచు పని ఉంది, దానికి జీఐ గుర్తింపు (ఇది ఫలానా చోటి సరుకే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. పాత గంగాళాలు, బిందెలు తుక్కు కొట్టుకి వేసేముందు మొక్కలకో, బియ్యానికో, హాల్లో పూలకో వాడుకోండి. వంటకి వాడాలంటే మాత్రం కళాయి ఉండాలి. గిన్నె వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా రుద్దుతారు, అదే కళాయి. అది లేని ఇత్తడిలో చారు, పులుసు, పెరుగు ఉంచితే చిలుము దిగుతుంది. కళాయి వేసేవాళ్లు మా వైపు బాగా తగ్గిపోయారు, ఎవరైనా వస్తే వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వెళ్లాలని నా మనవి.

చేతిపని విషయానికొస్తే మా ఊరు కొమ్ము పనికి పేరు. పశువుల కొమ్ముని వేడి చేసి మెత్తబరిచి, వంచి, అరగదీసి, అద్దంలా మెరిసేలా దువ్వెనలు, కొంగలు, చేపలు చేస్తారు. మా షెల్ఫు మీద ఉన్న కొంగకి అప్పుడప్పుడు కొబ్బరినూనె రాస్తే చాలు, పగలదు. మోహన వైపు చంద్రగిరిలో 1963 నుంచి ఉంటున్న టిబెటన్లు నేసే ఉన్ని తివాచీలున్నాయి. రాయగడ జిల్లా నియమగిరి కొండల్లో డోంగ్రియా కొంధ్ తెగ ఆడవాళ్లు ఎర్ర, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే కపడాగండా శాలువకీ, లంజియా సవరలనే గిరిజనులు గోడల మీద వేసే బొమ్మలకీ 2024 జనవరిలో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ సవర బొమ్మలు వాళ్ల ఇంటి దేవతల కోసం, పోయిన పెద్దల కోసం ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసేవి. వాటిని ప్లాస్టిక్ స్టిక్కర్లుగా అచ్చేసి అమ్ముతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. కొనాలనుంటే గీసిన చేతి దగ్గరే కొనండి, వాళ్లు అడిగింది ఇవ్వండి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే ఉండి సవరల భాష నేర్చుకుని వాళ్ల భాషకి నిఘంటువు చేశారు. ఆయన ఊరివాళ్లం మనం, సంతలో కొండ చీపుళ్ల కట్ట దగ్గర, అడ్డాకుల మోపు దగ్గర ఆ సవర తల్లితో పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడుతున్నాం. ఇది మానాలి.

ఇప్పుడు మీకు నా విన్నపం. లక్షల ప్యాకేజీల ఫొటోలు వేసిన పేజీలోనే, వారానికి ఒక చిన్న పెట్టె కట్టి, ఏ సంతలో ఏ చేతిపని దొరుకుతుంది, కుర్చీ అల్లేవాళ్లు, కళాయి వేసేవాళ్లు, నులక పేనేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు, ఇవి రాయండి. శ్రీకాకుళం పేజీలో పాతపట్నం దాకా వచ్చి ఆగిపోతారు మీ విలేకరులు, ఇంకొక్క అడుగు వేస్తే మేమున్నాం. మున్సిపాలిటీ వాళ్లని కూడా అడుగుతున్నాను, నెలకి ఒక రోజు ఏదైనా కప్పున్న చోటు ఇస్తే చాలు, అక్కర్లేని బీరువాలు, బల్లలు, ఉయ్యాలలు జనం తెచ్చి పెడతారు, కావలసినవాళ్లు పట్టుకెళ్తారు. కొత్తగా కాపురం పెట్టేవాళ్లకి, బదిలీ మీద వచ్చే ఉద్యోగులకి ఎంత ఆసరానో ఆలోచించండి.

మా వీధి చివర పాత పెంకుటిల్లు దసరా వెళ్లాక పడగొడతారని విన్నాను. గుగ్గిలం దూలాలు, చెక్కిన ద్వారబంధాలు ఉన్నాయి అందులో. కావలసినవాళ్లు ఇప్పుడే వెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడుకోండి, ట్రాక్టరు వచ్చాక లాభం లేదు.

ఇట్లు,
ఒక గృహిణి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా