డాన్స్ మ్యూజిక్ అంటే పబ్ రైడ్ వార్త ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ గురించి ఎప్పుడొస్తుందా అని చూస్తే రెండే సందర్భాలండీ, పబ్ మీద పోలీసులు రైడ్ చేసినప్పుడు, లేదంటే ఊరేగింపులో డీజే బాక్సుల గోల మీద కంప్లైంట్ వచ్చినప్పుడు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు బ్యాన్ చేశారు, మంచి పనే, ఆ బాక్సుల పక్కింట్లో ఉండే గుండె పేషెంట్ల బాధ నాకూ తెలుసు. కానీ ఆ మ్యూజిక్ కూర్చుని తయారుచేసేవాళ్ళు ఉంటారు, దాన్ని సొంత డబ్బు పెట్టి రిలీజ్ చేసే చిన్న లేబుళ్ళు ఉంటాయి, వీళ్ళ గురించి ఒక్క ముక్క రాయరేంటండీ? సినిమాకి అన్ని పేజీలు ఇస్తారు, అందులో ఒక మూల ఇచ్చినా చాలు కదా.

ఉదాహరణకి జేలిన్ అనే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఆర్టిస్ట్. అసలు పేరు జెరిలిన్ ప్యాటన్, అమెరికాలో ఇండియానా రాష్ట్రం, ఊరు గ్యారీ. 1906లో యు.ఎస్. స్టీల్ కంపెనీ తన ప్లాంట్ కోసం కట్టుకున్న ఊరది, పేరు కూడా ఆ కంపెనీ చైర్మన్‌దే. గాజువాక, ఉక్కునగరం వాళ్ళకి అలాంటి ఊరు ఎలా ఉంటుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ఈవిడ కూడా స్టీల్ మిల్లులోనే పనిచేసింది, డ్యూటీ దిగాక ఇంటికొచ్చి కంప్యూటర్ మీద ట్రాకులు కట్టేది, 2015లో మొదటి ఆల్బమ్ 'డార్క్ ఎనర్జీ' వచ్చేనాటికి కూడా ఉద్యోగం వదల్లేదు.

ఆవిడ మ్యూజిక్‌కి మూలం ఫుట్‌వర్క్, గ్యారీకి దగ్గర్లోనే ఉన్న చికాగోలో నల్లజాతి కుర్రాళ్ళు పెంచిన డాన్స్. జనం చుట్టూ గుండ్రంగా నిలబడతారు, మధ్యలోకి ఒకడొచ్చి కాళ్ళతో ఏదో మాయ చేసి పోతాడు, ఇంకొకడొచ్చి దానికి జవాబిస్తాడు. దానికి పెట్టే మ్యూజిక్ నిమిషానికి 160 బీట్ల దగ్గర ఉంటుంది, క్లబ్బుల్లో వినిపించే మామూలు హౌస్ మ్యూజిక్ 120, 130 మధ్యలో నడుస్తుంది కాబట్టి తేడా మీకే తెలుస్తుంది. అయినా స్పీడ్ కాదండీ అసలు సంగతి, బీట్ ఎక్కడ పడుతుందని చెవి కాచుకుని ఉంటుందో అక్కడ పడదు, రెండు కొట్టాల్సిన చోట మూడు కొట్టి తర్వాత ఖాళీ వదిలేస్తారు, ఒకే పాట సగం స్పీడ్‌లోనూ వినొచ్చు డబుల్ స్పీడ్‌లోనూ వినొచ్చు. డాన్సర్లు ఆ ఖాళీల్లోనే ఆడతారు. మా ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళకి ఇది వినిపించి చూడండి, డప్పు గుండెకి కట్టుకుని వాయిస్తూనే ఎగిరేవాళ్ళు కదా, ఒక్క నిమిషంలో పట్టేస్తారని నా నమ్మకం.

మొదట్లో జేలిన్ కూడా అందరిలాగే పాత పాటల ముక్కలు తీసి ట్రాకుల్లో పెట్టుకునేది. ఒకరోజు వాళ్ళమ్మ విని, బాగానే ఉంది గానీ ఇందులో నీ సౌండ్ ఏది అని అడిగిందట. ఆ ప్రశ్న పట్టుకుని ఆవిడ వేరేవాళ్ళ పాటలు వాడుకోవడం మానేసి డ్రమ్స్ అన్నీ తనే కట్టుకోవడం మొదలెట్టింది. మన మ్యూజిక్ డైరెక్టర్లు కొందరికి ఇలాంటి అమ్మ ఉండుంటే ఎంత బాగుండేదో (పేర్లు అడక్కండి).

ఇప్పుడు లేబుల్ సంగతి. ప్లానెట్ మ్యూ అని ఇంగ్లండ్‌ది, నడిపేది మైక్ పారడినస్, ఆయనా ప్రొడ్యూసరే (ఈ రంగంలో ట్రాకులు కట్టేవాళ్ళని అలా అంటారు, సినిమా నిర్మాత కాదు). 1995లో వర్జిన్ కంపెనీ నీడలో మొదలెట్టి 1998లో బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. చికాగో బయట ఫుట్‌వర్క్ పెద్దగా ఎవరికీ తెలియని టైంలో 2010లో ఆ ప్రొడ్యూసర్ల ట్రాకులు పోగేసి 'బ్యాంగ్స్ అండ్ వర్క్స్' అని ఒక సంకలనం వేశాడు, 2011లో రెండో భాగం, అందులో జేలిన్ ఉంది. తొంభైల నుంచీ ఈ మ్యూజిక్ చేస్తున్న ఆర్.పి. బూ అనే పెద్దమనిషి ఆల్బమ్ కూడా 2013లో వీళ్ళే తెచ్చారు. జేలిన్ సొంత ఆల్బమ్ రావడానికి 2015 దాకా పట్టింది, మన ఆడియో కంపెనీలకి నాలుగేళ్ళు ఆగే ఓపిక ఉందా చెప్పండి, నాలుగు వారాల్లో వ్యూస్ రాకపోతే మనిషినే మర్చిపోతారు. తర్వాత 2017లో 'బ్లాక్ ఒరిగామి', అదే ఏడు లండన్‌లో కొరియోగ్రాఫర్ వేన్ మెక్‌గ్రెగర్ నృత్య రూపకానికి సంగీతం, 2023లో అమెరికాలో పేరున్న పులిట్జర్ ప్రైజ్ సంగీత విభాగం ఫైనలిస్టుల్లో పేరు. 2024 ఆల్బమ్‌లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్, అమెరికన్ కంపోజర్ ఫిలిప్ గ్లాస్ లాంటి పెద్దవాళ్ళు కూడా ఉన్నారు, అయినా అదీ ప్లానెట్ మ్యూ నుంచే వచ్చింది.

చిన్న లేబుళ్ళన్నీ మహాత్ములని నేననను, లెక్కలు చూపించనివాళ్ళూ ఉంటారు, డబ్బుల్లేక మూతపడేవి ఇంకా ఎక్కువ. కొన్ని వందల వినైల్ రికార్డులు, ఆర్టిస్టులు పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్లు, ఇంతే బతుకు. ఆ బ్యాండ్‌క్యాంప్ కూడా 2022లో ఒక కంపెనీకి, 2023లో ఇంకో కంపెనీకి చేతులు మారింది, సగం మంది స్టాఫ్‌ని తీసేశారు.

ఇదంతా ఫారిన్ గొడవ మనకెందుకు అంటారేమో, మరి చరణ్‌జిత్ సింగ్ గారి మాటేంటి? బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటార్, సింథసైజర్ వాయించిన మనిషి, 1982లో రోలాండ్ కంపెనీ 808 డ్రమ్ మెషిన్, 303 బేస్ మెషిన్ పెట్టుకుని భైరవ్, తోడి, మాల్కౌన్స్ లాంటి పది రాగాలు డిస్కో బీట్ మీద వాయించి రికార్డ్ చేశాడు. అదే 303తో చికాగోవాళ్ళు చేసిన, యాసిడ్ హౌస్ అనే రకం డాన్స్ మ్యూజిక్‌కి మొదటిదని చెప్పుకునే రికార్డు 1987లో వచ్చింది, ఈయనది దానికి ఐదేళ్ళ ముందే. వేసింది హెచ్.ఎం.వి. లాంటి పెద్ద కంపెనీ, ఏం లాభం, ఎవరూ కొనలేదు, మరుగున పడిపోయింది. ఎవరు బయటికి తీశారంటే, ఢిల్లీలో ఆ రికార్డు దొరికిన ఒక డచ్చాయన, తన చిన్న లేబుల్ బాంబే కనెక్షన్ మీద 2010లో మళ్ళీ వేశాడు. ఆ తర్వాత డెబ్బై దాటిన వయసులో సింగ్ గారు యూరప్ స్టేజీల మీద అవే రాగాలు వాయించారు. 2015లో పోయారు.

మన తెలుగు పాటలు కూడా చాలాకాలం మద్రాసు స్టూడియోల్లోనే రికార్డయ్యాయి కదండీ. ఎనభైల్లో అక్కడ కీబోర్డులు, రిథమ్ ప్యాడ్లు వాయించినవాళ్ళు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఇంకా ఉన్నారు, వయసు మీదపడింది. డ్యూటీ పాట అయిపోయాక వాళ్ళు తమకోసం ఏం వాయించుకున్నారు, ఆ క్యాసెట్లు ఏ బీరువాలో ఉన్నాయి, ఒక రిపోర్టర్ని పంపించి అడిగించండి. ఒక చిన్న కాలమ్ వేస్తే దాన్ని చూసి రికార్డు వేయడానికి ముందుకొచ్చేవాడు మనవాళ్ళలోనే దొరకొచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు, గాజువాక